రాట్నపు ద్వాదశి

పుట్టినరోజు పండుగ చిన్నలకును పెద్దలకును ప్రియమైనది. తెలుగువారి యిండ్లలో ఆనాడు తల్లి తెల్లవారకముందే లేచి బిడ్డకు తలంటుపోయును. నుదుట బొట్టు పెట్టి, క్రొత్తబట్టలు కట్టి, పీటపై కూర్చుండబెట్టి మంగళహారతి యిచ్చును. పెద్దలు అక్షతలు చల్లి దీవింతురు. మధ్యాహ్నము పరమాన్నముతో భోజనము పెట్టుదురు. సాయంకాలము నేస్తములను పిలిచి మిఠాయిలు పంచు వాడుకయు నేడు పెరిగినది. ఏ విధముగా జరిపినను ఆ పండుగలోని సారము ఒక్కటే. ఒక ప్రాణి యీ లోకమునకు వచ్చినందుకు తక్కినవారు సంతోషించుచున్నారు.

అయితే పండుగ ఎవరిదో వారు ఆనాడు ఏమి చేయవలెను? ఇతరులు వండుదురు, ఇతరులు దీవింతురు, ఇతరులు కానుకలు తెత్తురు. వానిని పుచ్చుకొనుట తప్ప వారు చేయదగిన పని మరి యేదియు లేదా? ఈ ప్రశ్న సామాన్యముగా ఎవరికిని తట్టదు. దేశమంతయు ఒకరి పుట్టినరోజును తన పండుగగా చేసికొన్నప్పుడు మాత్రము ఈ ప్రశ్న తప్పించుకొనరానిదగును. మహాత్మా గాంధీకి అట్టి స్థితి కలిగెను. దానికి వారు చెప్పిన సమాధానము మాటలలో కంటె చేతలలో ఎక్కువగా కనబడును.

మోహనదాసు కరంచందు గాంధీ 1869వ సంవత్సరము అక్టోబరు 2వ తేదీ శనివారమునాడు గుజరాతు సముద్రతీరమందలి పోరుబందరులో జన్మించిరి. మన పంచాంగము ప్రకారము అది శుక్ల నామ సంవత్సర భాద్రపద బహుళ ద్వాదశి. తెలుగువారి పెద్దల వలెనే గుజరాతీలును తిథిని బట్టి పుట్టినరోజు జరుపుకొందురు. అందుచేత గాంధీజీకి ఏటేటా రెండు పుట్టినరోజులు వచ్చుచుండెడివి. ఒకటి అక్టోబరు 2వ తేదీ. రెండవది భాద్రపద బహుళ ద్వాదశి. ఆ రెండును ఒక్కనాడే కలసి వచ్చుట అరుదు.

1915వ సంవత్సరమున గాంధీజీ దక్షిణాఫ్రికానుండి స్వదేశమునకు తిరిగివచ్చిరి. కొలది యేండ్లలోనే వారి పేరు ప్రతి పల్లెకును ప్రాకెను. ప్రజలు వారి పుట్టినరోజును ఉత్సవముగా జరుపసాగిరి. ఊరూర సభలు జరిగెను. వారి పటములకు పూలదండలు వేసిరి. గాంధీజీ ముందు అప్పుడు రెండు దారులుండెను. పండుగ వలదని వారించినచో ప్రేమతో వచ్చినవారు నొచ్చుకొందురు. ఊరకున్నచో ఆ దినము పొగడ్తలతోనే గడచిపోవును. వారు ఈ రెండు దారులను విడిచి మూడవ దారి త్రొక్కిరి. ఆ దినమును తమ పుట్టినరోజుగా కాక రాట్నము తిరిగి పుట్టిన రోజుగా జరుపవలసినదని ప్రజలను కోరిరి. నాటినుండి గుజరాతులో ఆ తిథికి ‘రెంటియా బారస్’ అను పేరు వచ్చినది. గుజరాతీ భాషలో రెంటియో అనగా రాట్నము. బారస్ అనగా ద్వాదశి. ఆ పేరును తెనిగించినచో రాట్నపు ద్వాదశి యగును. ఒక మనుష్యుని పుట్టినరోజు ఇట్లు ఒక పనిముట్టు పేరు ధరించినది.

ఆ పనిముట్టుతో గాంధీజీకి కలిగిన చెలిమి కథ వినదగినది. 1909వ సంవత్సరమున వారు ‘హింద్ స్వరాజ్’ అను చిన్న గ్రంథము వ్రాసిరి. దేశమునందలి దారిద్ర్యమునకు చేనేత మందు కాగలదని అప్పటికే వారు తలచిరి. కాని ఆనాటికి తాము మగ్గమును గాని రాట్నమును గాని కన్నులార చూచియుండలేదని వారే తమ ఆత్మకథలో ఒప్పుకొనిరి. 1915వ సంవత్సరమున అహమ్మదాబాదు చెంత ఆశ్రమము స్థాపించిన పిమ్మట మగ్గములు పెట్టి నేత నేర్చిరి. నేతకు నూలు కావలెను. నూలు మిల్లులనుండియే రావలసి యుండెను. చేతితో నూలు వడకువారు ఎక్కడ నున్నారో చెప్పగలవారు కనబడలేదు.

అప్పుడు గంగాబెన్ అను ధైర్యశాలియైన స్త్రీ ఆ పనికి పూనుకొనెను. ఆమె గుజరాతు దేశమున ఊరూర తిరిగి, తుదకు బరోడా సంస్థానమునందలి విజాపురమున రాట్నములను కనుగొనెను. అచ్చట పెక్కు యిండ్లలో రాట్నములుండెను. కాని అవి పనికిమాలిన కట్టెలవలె అటకలపై పడియుండెను. దూది యేకులు తెచ్చియిచ్చి, వడకిన నూలు కొనువారున్నచో మరల వడకుదుమని ఆ యిండ్లవారు చెప్పిరి. ఇట్లు రాట్నము అటకనుండి క్రిందికి దిగెను.

ఆ రోజులలో గాంధీజీ బొంబాయిలో జబ్బుపడి మంచముపై నుండిరి. వారి గదిలోనే రాట్నము తిరుగసాగెను. దాని ఝుంకారము తమకు ఆరోగ్యము చేకూర్చుటలో కొంత తోడ్పడినదని వారు తరువాత వ్రాసిరి. ఆ మేలు శరీరమునకు కంటె మనస్సునకే ఎక్కువగా కలిగియుండవచ్చునని కూడ వారు నిజాయితీతో అంగీకరించిరి. రాట్నము దేశమునకు అన్నము పెట్టునన్న విశ్వాసము ఒక యెత్తు. దాని ప్రక్కన కూర్చున్నచో మనస్సునకు హాయి కలుగుట మరియొక యెత్తు. గాంధీజీకి ఈ రెండును ఒక్క వస్తువునందే దొరికెను.

ఈ రాట్నమునకు ఆంధ్రదేశముతోను గట్టి సంబంధము కలదు. 1921వ సంవత్సరము మార్చి 31, ఏప్రిల్ 1 తేదీలలో అఖిల భారత కాంగ్రెసు సంఘము బెజవాడలో సమావేశమాయెను. దేశమునందు 20 లక్షల రాట్నములు తిరుగునట్లు చేయవలెనని అచ్చట తీర్మానించిరి. శ్రీకాకుళము ప్రాంతమందలి పొందూరు సన్నఖద్దరు గాంధీజీ మెప్పును పొందినది. అచ్చటి స్త్రీలు దూదిని శుభ్రపరచుటకు వాలుగచేప దవడ యెముకను దువ్వెనగా వాడుదురు. ఆ యెముకకున్న సన్నని పండ్లలో దూది పోచలు విడివడి, ఒకదాని ప్రక్క నొకటి నిలుచును. అట్టి దూదినుండి వెండ్రుకవలె సన్నని నూలు తీయుదురు.

నూలు వడకుట చూచుటకు తేలిక. వడకువారు కుడిచేత చక్రము త్రిప్పుదురు. చక్రమునకును కదురునకును చుట్టిన త్రాడు వలన కదురు గిరగిర తిరుగును. ఎడమచేత ఏకును పట్టుకొని మెల్లగా వెనుకకు లాగుదురు. దూది పురివడి దారమై సాగును. చేయి చాచినంత దారము రాగానే దానిని కదురునకు చుట్టి, మరల లాగుట మొదలిడుదురు. ఇంతే పని.

కాని మొదటిసారి రాట్నము ముందు కూర్చున్నవారికి దాని కష్టము తెలియును. ఎడమచేయి తొందరపడినచో దారము పుటుక్కున తెగును. ఆలసించినచో పురి యెక్కువై మెలికలు పడును. వ్రేళ్లు ఏకును గట్టిగా నొక్కినచో దూది జారదు. వదలుగా పట్టినచో గుబురుగా వచ్చి దారము ముద్దకట్టును. రెండు చేతులును వేరువేరు పనులు చేయుచునే ఒకదాని నడక నొకటి తెలిసికొనవలెను. మనస్సు మరియొక చోటికి పోయినచో ఆ సంగతి దారమే వెంటనే చెప్పును. తెగిన కొనలను మరల కలుపుటయు ఒక నేర్పే. కోపగించినవాని చేత అవి కలియవు. నిదానముగా కొంచెము దూదిని జోడించి పురి పెట్టినచో దారము మరల సాగును. ఇట్టి పనిలో ఒక గంట గడచినచో మనస్సు తనంత తాను శాంతించును. వడకినవారికి ఒక గంట విశ్రాంతియు దక్కును. ఒక కండె నూలును దక్కును.

గాంధీజీ ఈ పనిని దినచర్యలో చేర్చుకొనిరి. ఎంత పని తొందరయున్నను ప్రతిదినము కొంత నూలు వడకెడివారు. యెరవాడ చెరసాలలో నున్న కాలమున చిన్న పెట్టెలో ఇమిడిపోవు రాట్నమును వాడుకలోనికి తెచ్చిరి. మడచిన పుస్తకమువలె దానిని ఎక్కడికైనను తీసికొనిపోవచ్చును. అందుచేత పుట్టినరోజున వారు చేసిన పని నిత్యము చేయునదే. ఆనాడు దానిని మరికొంతసేపు, మరింత శ్రద్ధతో చేసెడివారు. దానికి ప్రార్థనయు ఉపవాసమును తోడయ్యెడివి. తమకు ప్రియమైన పనికి ఆనాడు ఎక్కువ కాలము ఇచ్చుకొనుటయే వారు తమకు తాము ఇచ్చుకొన్న కానుక.

ఇతరులు తెచ్చిన కానుకలను వారు త్రోసివేయలేదు. 1939వ సంవత్సరమున వారికి 70 ఏండ్లు నిండినప్పుడు సర్వేపల్లి రాధాకృష్ణ పండితుడు దేశదేశముల పెద్దలచే వ్యాసములు వ్రాయించి ఒక సంపుటమును సిద్ధపరచెను. 1944వ సంవత్సరము ఫిబ్రవరి 22వ తేదీన కస్తూరిబాయి పూనాలోని ఆగాఖాను భవనమున నిర్బంధములో నుండగనే మరణించెను. గాంధీజీ స్వయముగా వడకిన నూలుతో నేసిన చీరనే ఆమె కడపటి యాత్రలో ధరింపజేసిరి. ఆ యేటి అక్టోబరు 2వ తేదీన గాంధీజీకి 75 ఏండ్లు నిండెను. ఆ సందర్భమున కస్తూరిబాయి స్మారకనిధికి 75 లక్షల రూపాయలు కూర్చవలెనని మిత్రులు తలపెట్టగా, అంతకు మించిన సొమ్ము చేరెను. గాంధీజీ ఆ ధనమును పల్లెలలోని స్త్రీలకును పిల్లలకును మేలు చేయు పనులకై వినియోగింప నిశ్చయించిరి. ప్రజల ప్రేమ ఇట్లు వారి చేతినుండి మరియొకరి గుమ్మమునకు చేరెను.

ఇదంతయు పండుగగా సాగిన దినముల మాట. సంతోషించుటకు కారణమే లేనట్టి పుట్టినరోజు వచ్చినచో మనుష్యుడు దాని నెట్లు గడుపవలెను? 1947వ సంవత్సరమున గాంధీజీకి అట్టి పుట్టినరోజు వచ్చెను.

ఆ యేడు ఆగస్టు 15వ తేదీన భారతదేశము స్వతంత్రమాయెను. దానితోడనే దేశము రెండుగా చీలెను. ఢిల్లీలో దీపములు వెలుగుచుండగా గాంధీజీ ఆ ఉత్సవమునకు పోలేదు. కలకత్తాలో హిందువులకును ముసల్మానులకును నడుమ శాంతి నెలకొల్పుటకై ఒక పేట యింటిలో కాపురముండి, ఆ దినమును ఉపవాసముతోను ప్రార్థనతోను నూలు వడకుటతోను గడపిరి. సెప్టెంబరు మొదటి దినములలో ఆ నగరమున మరల అల్లరులు రేగగా నిరాహారదీక్ష వహించి వానిని చల్లార్చిరి. సెప్టెంబరు 9వ తేదీన ఢిల్లీ చేరిరి. అంతకుమునుపు వారు బస చేసిన పారిశుద్ధ్య కార్మికుల పేట కాందిశీకులతో నిండియుండుటచే బిర్లా భవనమున దిగవలసివచ్చెను. నగరమున హత్యలు జరుగుచుండెను. పశ్చిమ పంజాబునుండి సర్వమును పోగొట్టుకొని వచ్చిన హిందువులు, సిక్కులు ఒకప్రక్క. ప్రాణభీతిచే కోటలలోను గోరీలలోను తలదాచుకొన్న ముసల్మానులు మరియొక ప్రక్క. చలికాలము దగ్గరపడుచుండెను. శిబిరములలో కంబళ్లు చాలక జనులు అల్లాడుచుండిరి. 

ఇట్టి వేళ అక్టోబరు 2వ తేదీ వచ్చెను. గాంధీజీకి 78 ఏండ్లు నిండెను. దేహము దగ్గుతో బాధపడుచుండెను. అలవాటు ప్రకారము తెల్లవారకముందే ప్రార్థన జరిగెను. ఆంగ్లేయ నౌకాధిపతి కుమార్తెయై జన్మించి, గాంధీజీకి శిష్యురాలైన మీరాబెన్ వారి ఆసనము ముందు రంగురంగుల పూలతో ఒక శిలువను, ‘హే రామ్’ అను మాటను, ఓంకారమును తీర్చియుంచెను. ఆనాటి అలంకారము అదియే.

ప్రధానమంత్రి నెహ్రూ, ఉపప్రధాని పటేలు మొదలైనవారు అభినందించుటకు వచ్చిరి. దేశవిదేశములనుండి తంతివార్తలు కుప్పలుగా వచ్చిపడెను. గాంధీజీ ఎవరిని చూచియు ముఖము త్రిప్పుకొనలేదు. కాని తమకు తెలియజేయవలసినవి అభినందనలా, సానుభూతి వాక్యములా అని వారిని అడిగిరి. పూర్వము 125 సంవత్సరములు జీవించి సేవచేయవలెనని కోరినవారు, ఇప్పుడు దేశమున ఈ ద్వేషము పోనిచో బ్రతుకవలెనన్న కోరికయే తమకు లేదని చెప్పిరి. ఉల్లాసముతో వచ్చిన మిత్రులు బరువెక్కిన గుండెతో తిరిగిపోయిరి.

అట్లయ్యు వారు ఆ దినమును దుఃఖమునకు అప్పగింపలేదు. ఉపవాసముండిరి; ప్రార్థించిరి; నూలు వడకిరి. పుట్టినరోజును జరుపుకొనుటకు అదియే సరియైన పద్ధతియని సాయంకాలము చెప్పిరి. ఉపవాసము ఆత్మశుద్ధికొరకు. నూలు వడకుట, లోకమున అందరికంటె దీనులైనవారి సేవకు తాము చేసిన ప్రతిజ్ఞను క్రొత్తపరచుకొనుట. రాట్నము అహింసకు గురుతు. ఆ గురుతు మాసిపోయినట్లు కనబడుచున్నది. అయినను అక్కడక్కడ కొందరైనను దాని సందేశమును నమ్మి యుందురేమో యని, వారికొరకే ఈ పండుగను ఆపలేదని చెప్పిరి.

ఆనాడు ఆకాశవాణిలో గాంధీజీని గూర్చి ప్రత్యేక కార్యక్రమము ప్రసారమగుచుండెను. దానిని వినరాదా యని ఎవరో అడిగిరి. తమకు రేడియో కంటె రెంటియోయే ఇష్టమని గాంధీజీ బదులుచెప్పిరి. గుజరాతీలో రాట్నమునకున్న పేరుతో రేడియో పేరు కలియుట చూచి చేసిన చమత్కారమది. అంతటి వేదనలోను వారికి హాస్యము తోచినది. రాట్నపు మ్రోత తమకు మరింత మధురమని, మానవజాతి యొక్క విషాదగీతము అందులో తమకు వినబడునని కూడ వారు చెప్పిరి. ఒక పెట్టెలోనుండి తమ పొగడ్తలు వినవచ్చును; మరియొక పెట్టెలోనుండి ఎక్కడనో ఆకలితోను చలితోను వణకు మనుష్యుల గొంతు వినవచ్చును. వారు రెండవదానిని ఎన్నుకొనిరి.

రేడియో యన్నచో గాంధీజీకి గిట్టదని దీనినిబట్టి అనుకొనరాదు. పుట్టినరోజు గడచిన ఆరు వారములకు, నవంబరు 12వ తేదీన, దీపావళి పండుగ వచ్చెను. కురుక్షేత్రమునందలి శిబిరములో రెండు లక్షలకు పైగా కాందిశీకులుండిరి. గాంధీజీ వారియొద్దకు పోవలెననుకొన్నను పోవుటకు వీలుపడలేదు. ఆనాడు వారు ఢిల్లీలోని ఆకాశవాణి కేంద్రమునకు స్వయముగా వెళ్లి, ఆ దిక్కులేని జనులతో రేడియోలో మాటలాడిరి. వారు ఆ కేంద్రమున అడుగుపెట్టినది ఆ యొక్కసారియే. నేడు నవంబరు 12వ తేదీని ప్రజాసేవా ప్రసార దినముగా జరుపుచున్నారు. తమ ప్రశంస వినుటకు అక్కరకు రాని యంత్రము, ఇతరుల కన్నీరు తుడుచుటకు అక్కరకు వచ్చెను. ఆ నవంబరు నెలలోనే ఇంగ్లండు రాకుమారి ఎలిజబెత్తునకు వివాహము కాగా, గాంధీజీ తాము వడకిన నూలుతో అల్లిన చిన్న వస్త్రమును కానుకగా పంపిరి. ఇంకొకరి శుభదినమునకును వారియొద్దనున్న కానుక ఆ నూలుపోగే.

1948వ సంవత్సరము జనవరి 30వ తేదీన, అదే బిర్లా భవనపు తోటలో, ప్రార్థనకు నడచిపోవుచు గాంధీజీ హంతకుని గుండ్లకు నేలకొరిగిరి. వెనుకటి అక్టోబరు 2వ తేదీయే వారి కడపటి పుట్టినరోజు ఆయెను. 2007వ సంవత్సరమున ఐక్యరాజ్యసమితి అక్టోబరు 2వ తేదీని అంతర్జాతీయ అహింసా దినముగా ప్రకటించినది. గాంధీజీ స్వయముగా ఎన్నుకొన్న పేరు మాత్రము రాట్నపు ద్వాదశియే.

గాంధీజీ వలె పుట్టినరోజున ఉపవాసముండుట పిల్లలకు తగదు; అందరును నూలు వడకవలెననియు లేదు. తల్లి పోయు తలంటును, పెద్దలు చల్లు అక్షతలను కాదనవలసిన పనియు లేదు. ప్రేమతో ఇచ్చినదానిని ప్రేమతో పుచ్చుకొనుటయు ఒక మర్యాదయే. అయితే ఆ దినమున ఒక గంటసేపైనను తనకు ప్రియమైన ఒక చిన్నపనిని, ఎవరి మెప్పును కోరక, మనస్సు పెట్టి చేయుట ఏ విద్యార్థికైనను సాధ్యము.

ఒక బాలునకు మొక్కలన్న ప్రీతి. అతడు ఆ ఉదయమున పెరటిలో పాదులు గోకి, నీరు పోసి, ఏ కొమ్మ చిగిర్చినదో ఏ ఆకునకు పురుగు పట్టినదో నెమ్మదిగా చూడవచ్చును. ఒక బాలికకు చదువుటన్న ఇష్టము. ఆమె చూపు తగ్గిన తాతగారి ప్రక్కన కూర్చుండి ఆయనకు నచ్చిన కథను చదివి వినిపింపవచ్చును. మరియొకరు పూలు గ్రుచ్చవచ్చును, బొమ్మ వేయవచ్చును, దూరముననున్న అమ్మమ్మగారికి ఉత్తరము వ్రాయవచ్చును, చెరువుగట్టున ఒంటరిగా నడచి పక్షులను గమనింపవచ్చును. వీనికి డబ్బు అక్కరలేదు, అతిథులు అక్కరలేదు. వర్షము వచ్చినను, నేస్తములు రాలేకపోయినను, ఇంటిలో ఏదేని కష్టమున్నను ఇట్టి పండుగ చెడదు.

ఆ గంటలో మరియొక పనియు జరుగును. చేతులు పనిలోనుండగా మనస్సు గడచిన యేటివైపు ఒకమారు తిరిగి చూచును. ఏ మాట నిలుపుకొన్నాము, ఏది తప్పినాము, ఎవరిని నొప్పించినాము అను సంగతులు ఒకటొకటిగా జ్ఞప్తికి వచ్చును. తెగిన దారమును చూచి వడకువారు రాట్నమును విసరికొట్టరు. కొనలను వెదకి కలుపుకొందురు. గడచిన యేటి తప్పులను గూర్చియు అట్లే చేయవచ్చును. పుట్టినరోజు అందుకు అనువైన దినము. పాత యేడు ముగిసిన చోటనే క్రొత్త యేడు మొదలగును. రెండు కొనలును ఆనాడు చేతికి దగ్గరగా ఉండును.

గాంధీజీకి అట్టి దినమున సంతోషమును ఎవరును తెచ్చి యీయలేకపోయిరి. నెహ్రూ వచ్చినను, పటేలు వచ్చినను, ప్రపంచము తంతులు పంపినను వారి మనస్సు తేలికపడలేదు. చీకటితో లేచి ప్రార్థించుట, రాట్నము ముందు కూర్చుండుట, దారము తెగినప్పుడు ఓర్పుతో కలుపుట, ఈ చిన్న అలవాట్లే వారి నానాడు నిలువబెట్టినవి. వానిని వారు ఆనాడు క్రొత్తగా నేర్చికొనలేదు. ఎన్నో యేండ్లుగా, కష్టము లేని దినములలో కూడ, ప్రతిదినమును కొంచెము కొంచెముగా అలవరచుకొనిరి. అందుచేతనే కష్టదినమున అవి వారిని విడువలేదు. పుట్టినరోజు సాయంకాలము బిర్లా భవనమునుండి అతిథులు తల వంచుకొని తిరిగిపోయిన పిమ్మటను, రాట్నపు మ్రోత వారికి తోడుగానే యుండెను.